కుడి నుంచి చదివిన బొమ్మలు

మా మేనత్త పోయింది. మొన్న సోమవారం పొద్దున చాయ్ తాగి, "ఇయ్యాల చక్కెర జెర ఎక్కువైంది" అని వంక పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట. మా వదిన కప్పు కడిగి వచ్చేసరికి లేదు. ఎనభై ఏడేళ్ల మనిషి, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లిపోయింది అని అందరూ అంటున్నారు. ఊరంతా ఆమెను టెలిఫోన్ ఆపరేటరమ్మగానే ఎరుగుదురు. నేనెరిగిన ఆమె జపాన్ బొమ్మలు కూడబెట్టిన మనిషి, చిన్నప్పుడు నేను నలుగురి ముందు నవ్వులపాలు చేసిన మనిషి.

అవి ఎనభైల మొదటి రోజులు. పాతబస్తీ మొఘల్‌పురాలో మా ఇల్లు. బాపు పాల వ్యాపారం, వాకిట్లో నాలుగు బర్రెలు. అత్త పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "లైన్ బిజీ" అనేది. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో దూరపు ఊళ్ల ట్రంక్ కాల్స్ కలిపే చోట పనిచేసేది. ఖాలా అని మేం పిలిచే పక్కింటావిడ భర్త సౌదీలో ఉండేవాడు. అతని కాల్ వచ్చే రోజు అత్త ముందే కబురు చెప్పేది, "రేపు పదింటికి తయారుండు, ఏడ్సుకుంట టైమంత గడపకు" అని. ఆ కృతజ్ఞతతో ఆయన సెలవు మీద వచ్చినప్పుడు మా గడపలో నిలబడి, "ఆపా, ఆప్‌కు క్యా హోనా?" అని, అక్కా నీకేం కావాలని అడిగాడు.

వాళ్ల పిల్లవాడు విసిరేసిన బొమ్మ ఒకటి అప్పుడు అత్త చేతిలో ఉంది. జపాన్ కార్టూన్ సినిమాల్లోంచి పుట్టిన మరమనిషి అది. చేతులు తిప్పి, కాళ్లు మడిచి, తల లోపలికి నొక్కితే విమానమవుతుంది. సగంలో ఇరుక్కుపోయిన దాన్ని అత్త అప్పుడే విడదీసింది. అలాంటిదే ఇంకొకటి తెచ్చిపెట్టమంది.

బాపుకు తల తీసేసినట్టయింది. "నలభై అయిదేండ్లు వచ్చినయి, బొమ్మలేందే? మంచి సీర తెమ్మనరాదు?"

"సీర ఎప్పటికీ సీరనే ఉంటది తమ్మీ. గిదైతే ఒకటి తెస్తె రెండైతది" అన్నది అత్త.

అలా మొదలైంది. గల్ఫ్ నుంచి మా గల్లీకి ఎవరు వచ్చినా పెట్టెలో సబ్బులు, అత్తర్ల మధ్య అత్త కోసం ఒక డబ్బా ఉండేది. పొద్దుటి డ్యూటీ ముగించుకొని, అన్నం తిని, చేతులు సబ్బుతో కడుక్కుని గోడ అల్మారా తెరిచేది. గది నిండా ఆ దూరదేశపు వాసన కమ్ముకునేది. కిటికీ రంగుటద్దాల్లోంచి ఎండ ఎర్రగా, పచ్చగా చాప మీద పడేది. మధ్యమధ్య బర్రెల మెడగంటలు మోగేవి. అత్త చీపురుపుల్లతో కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క కీళ్లలో వేసి, ఇనుప భుజాన్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకునేది. నేను చూస్తూ చూస్తూ నిద్రలోకి జారేదాన్ని. నిద్రలో కూడా ఏవో రెక్కలు మెల్లగా విచ్చుకుంటూనే ఉండేవి.

మా ఇంట్లో టీవీ లేదు. ఆ సినిమాలు మాకు తెలియవు. డబ్బా మీది జపాన్ రాత ఎవరికీ రాదు. పక్కన వరసగా నాలుగు బొమ్మలు మాత్రం ఉండేవి, అంకెలు లేకుండా. అత్త నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివింది. పంచాంగం కూడా వెనక పేజీ నుంచి తెరిచే మనిషి. ఆ నాలుగు బొమ్మల్నీ ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకు చదివింది. కనుక ఆమె లెక్కలో మొదట మరమనిషి, చివరికి విమానం.

"కొట్లాడి కొట్లాడి అలిసిపోతడు పాపం" అని చెప్పేది నాకు. "గప్పుడు చేతులు ముడుచుకుంటడు, తల లోపలికి గుంజుకుంటడు, విమానమైతడు. ఇగ ఇంటికి పోతడు." అందుకే ఆమె అల్మారాలో ఒక్కడూ నిలబడి ఉండేవాడు కాదు. అన్నీ మడుచుకున్న విమానాలు, లారీలే. నాకు ఆ కథ ఎంతో ఇష్టం. గల్లీలో పిల్లలందరికీ అదే కథ.

రెండు మూడేళ్లకు నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు. నాకు పదకొండేళ్లు. కళ్లు నెత్తికెక్కాయి. రంజాన్ పండుగనాడు ఖాలా చుట్టాలతో పాలూ సేమ్యాల షీర్‌ఖుర్మా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె తమ్ముడు కొత్తగా తెచ్చిన ఎర్ర డబ్బా అత్తకిచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. అత్త డబ్బా మీద వేలు పెట్టి కుడి నుంచి మొదలుపెట్టింది.

"అత్తా, ఉల్టా చదువుతున్నవ్!" అని అరిచాను. "ఎడమ నుంచి చదవాలె. మొదలు విమానం, తర్వాత మనిషి. ఇన్నేండ్ల సంది అందరికీ తప్పు చెప్తున్నవ్!"

అందరూ గొల్లున నవ్వారు. బాపు అందరికంటే గట్టిగా నవ్వాడు. అత్త కూడా నవ్వింది, కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా మూసి నా ఒళ్లో పెట్టింది. "చదువుకున్న పిల్లవు. నువ్వే చూస్కో ఇగ" అన్నది.

ఆ తర్వాత అల్మారా తెరుచుకోలేదు. అత్త డ్యూటీ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. నాతో మాట్లాడేది, అన్నం పెట్టేది, జడ వేసేది. ఆ కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. నేను నిజమే చెప్పాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. ఒక మనిషికున్న ఒక్క కలను పట్టుకొని తప్పని దిద్దేశానని చెప్పడానికి అప్పుడు నాకు మాటలు లేవు. భయం మాత్రం ఉండేది, అత్త ఇంక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందని.

ఒకరోజు ఆమె డ్యూటీకి వెళ్లాక ఎర్ర డబ్బా తెరిచాను. లోపలి అట్ట కింద మడతపెట్టిన కాగితం దొరికింది. బొమ్మల కథ. మామూలుగా ఎడమ నుంచి చదివాను. ఒక పిల్ల విమానంలో నవ్వుతూ ఉంది, చివరికి కూలిన గోడ కింద ఏడుస్తూ ఉంది. ఇదేం కథ? మళ్లీ చూశాను. తల పొగరు కొంచెం దిగిందేమో, ఈసారి కుడి నుంచి చూశాను. గోడ కింద పిల్ల ఏడుస్తోంది. మరమనిషి వచ్చి గోడ ఎత్తాడు. తర్వాత చేతులు ముడుచుకున్నాడు, తల లోపలికి గుంజుకున్నాడు, విమానమయ్యాడు. పిల్లను ఎక్కించుకుని ఇంటికి పోయాడు. అక్షరం పొల్లు పోకుండా అత్త చెప్పిన కథే. జపాన్ వాళ్లు కథల్ని కుడి నుంచే చదువుతారని నాకు పెద్దయ్యాక తెలిసింది.

అత్త బస్సు దిగేదాకా గల్లీ మొదట్లో నిలబడ్డాను. ఆమెను చేయిపట్టి నేరుగా డాబా మీదికి తీసుకెళ్లి కాగితం పరిచాను. పక్కింటి పావురాలు మా తలల మీద తిరుగుతున్నాయి. అత్త కుడి నుంచి చివరి బొమ్మదాకా చూసింది.

"నేను తప్పు చేసిన అత్తా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"చెప్పుడు తప్పు గాదు బిడ్డా. డబ్బా మీద నువ్వు చదివిందే కరెక్టేమో, ఎవరికెరుక? గందరి ముంగట అన్నవ్ సూడు, గదే మనసుల గుచ్చుకున్నది" అని కొంగుతో నా ముఖం తుడిచింది. తర్వాత కాగితాన్ని మా ఇద్దరి మధ్యకు జరిపింది. "నువ్వు ఆ దిక్కు నుంచి రా, నేను ఈ దిక్కు నుంచి వస్త."

నా వేలు ఎడమ నుంచి, ఆమె వేలు కుడి నుంచి, ఒక్కో బొమ్మ దాటుకుంటూ వచ్చాయి. నడుమ బొమ్మ దగ్గర రెండూ తగులుకున్నాయి. అందులో వాడు సగం మనిషి, సగం విమానం. నేను దాటిపోబోతే అత్త తన వేలితో నా వేలిని ఆపింది.

"ఉండు" అన్నది. "తొందరేమున్నది."