చీమలకు పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో చక్కెర జబ్బు అంగడి శెట్టికి తప్ప ఇంకెవరికీ వచ్చే వీలు లేదని అందరూ గట్టిగా నమ్మేవాళ్లు. గార్లదిన్నెకు నడిచి పోయి రాగలిగినంత దూరంలో ఉండేది మా పల్లె. సంగటి తిని, ఎండలో చేని పని చేసి, ఒంట్లోని నీళ్లన్నీ చెమటగా నేలకే ఇచ్చేసే మాలాంటి వాళ్లను ఆ జబ్బు ముట్టదట. అది నెయ్యి పోసుకుని తిని, గల్లాపెట్టె ముందు కూర్చునే వాళ్లను వెతుక్కుంటూ వచ్చే జబ్బట. శెట్టికి కాలి బొటనవేలు తీసేశారని తెలిసిన రోజు మా నాయన నిజంగానే జాలిపడ్డాడు. అయినా ఆ జాలి వెనక కాస్త గర్వం కూడా ఉండింది. లేనివాళ్లుగా పుట్టినందుకు మాకు దక్కిన లాభం అదొక్కటే అన్నట్టు మాట్లాడాడు.

ఆ నమ్మకం నాతోపాటు ముసలిదైంది. పోయిన వారం మా ఊరి బళ్లో వైద్య శిబిరం పెట్టారంటే, అందరితో పాటు నేనూ పోయాను. బీపీ చూపించుకుని వచ్చేద్దామనుకున్నాను. నర్సమ్మ వేలు పొడిచి చిన్న మిషన్‌లో చూసింది. మళ్లీ పొడిచి మళ్లీ చూసింది. సోమవారం పొద్దున ఏమీ తినకుండా ఆసుపత్రికి రమ్మని, రక్తం పెద్ద పరీక్షకు పంపాలని చెప్పింది. షుగరేనా అని అడిగితే ఇప్పుడే చెప్పలేమవ్వా అంది. ఆమె చెప్పలేకపోయింది గానీ నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయినట్టు అయింది. అప్పటి నుంచి నోరు ఎండిపోతోంది. పాదాలు మొద్దుబారినట్టున్నాయి. అద్దంలో మొహం పీక్కుపోయి కనిపిస్తోంది. ఇవన్నీ మొన్నటిదాకా లేవో, ఉన్నా నేను చూసుకోలేదో నాకే తెలియదు. నీళ్ల కోసం చెంబు ఎత్తిన ప్రతిసారీ మా జేజి గుర్తొస్తోంది. జేజి అంటే మా నాయన తల్లి.

మా ఇంట్లో నీళ్ల మీద పెత్తనం ఆమెది. నేను మూడో తరగతి చదివే ఏడు వానలు బొత్తిగా మొహం చాటేశాయి. ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. గుట్ట కింద ఒక్క బావిలో మాత్రం ఊట మిగిలింది. అది ఊరేదాకా ఆడవాళ్లు కడవలు వరుసగా పెట్టుకుని గట్టున కూర్చునేవాళ్లు. అమ్మ మోసుకొచ్చిన నీళ్లను జేజి పంచేది. సంగటికి ఇన్ని, గొడ్లకు ఇన్ని, తాగడానికి ఇన్ని. తాగే నీళ్లకు ఎవరి చెంబు వాళ్లదే. పొద్దున నింపి చేతికిస్తే మళ్లీ పొద్దు కుంకేదాకా అడగకూడదు. చిన్నపిల్లనని నాకు గానీ, ఒక్కగానొక్క కొడుకని మా నాయనకు గానీ గుక్కెడు ఎక్కువ పోసిన పాపాన పోలేదు. గిన్నెలు కడిగిన నీళ్లు గొడ్ల కుడితిలోకి పోవాల్సిందే. చెయ్యి జారి చుక్క ఒలికిందా, వీపు విమానం మోత మోగేది.

అట్లాంటి మనిషికి దప్పిక పట్టుకుంది. పొద్దు నడినెత్తికి రాకముందే ఆమె చెంబు ఖాళీ అయ్యేది. నోట్లో కాస్తయినా ఊరుతుందని వేయించిన చింతగింజ బుగ్గన పెట్టుకుని చప్పరించేది. అడిగి గంజి తాగేది. ఇంకొకరి చెంబు మాత్రం ముట్టలేదు, అది ఒట్టేసి చెప్పగలను. రాత్రిపూట మాటిమాటికి ఒంటికి లేస్తోందని అమ్మ నాయనతో అంటుంటే విన్నాను. తాగేది చూస్తే చెంబెడు, లేచేది చూస్తే లెక్కలేదు, ఇదెట్లా అని అమ్మకు అంతుపట్టలేదు. మనిషి చిక్కి సగమైంది. రవిక భుజాల మీంచి జారుతుంటే ముడి వేసుకునేది. మా నాయన ఎండల వల్ల అన్నాడు. కొన్నాళ్లకు వయసు వల్ల అన్నాడు. సంగటి తినే ఒంట్లో శెట్టి జబ్బు ఉంటుందన్న ఊహ ఎవరికి వస్తుంది?

వచ్చింది పక్కింటి పెద్దమ్మకు. ఆమె కొన్నాళ్లు శెట్టి ఇంట్లో పని చేసింది. ఒక మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని, విత్తనానికి దాచిన శనక్కాయల్లో పుచ్చులు ఏరుతూ మా అమ్మతో చెప్పింది. శెట్టి ఒంటికి పోయిన చోట చీమలు బారులు కట్టేవట. వాళ్లింట్లో జబ్బు సంగతి డాక్టరు కంటే ముందు పెరట్లో చీమలే చెప్పాయట. ఆ తర్వాత గొంతు తగ్గించి, మీ అత్త పోయే చోట కూడా చూసినానే అంది. అమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అదే కుప్ప దగ్గర కూర్చుని కాయలు ఏరుతున్న నన్ను ఇద్దరూ మరిచిపోయారు.

మరునాడు పొద్దున నేను కంచె చాటున ఒంటికి పోయి, లేచి రాకుండా అక్కడే నిలబడ్డాను. ఎర్రనేల చిటికెలో తడిని పీల్చేసుకుంది. ఆ మరక మీదికి ఒక చీమ వచ్చింది. దాని వెనకాల ఇంకొకటి. చూస్తుండగానే మరక అంచంతా నల్లబడింది. నాకూ దప్పికగానే ఉండేది కదా! ఊరంతటికీ ఉండేదన్న సంగతి అప్పుడు తోచలేదు. రోజూ జేజి పక్కలో పడుకుంటాను కాబట్టి ఆమె జబ్బు నాకు అంటుకుందని తేల్చేసుకున్నాను. మొదట వేలు తీస్తారు. తర్వాత కాలు తీస్తారు. బడికి ఎట్లా పోవాలి, బళ్లో కింద ఎట్లా కూర్చోవాలి అని తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

ఎవరికీ చెప్పలేదు. అమ్మ బెల్లం ముక్క పెడితే వద్దన్నాను. చెంబు ముట్టలేదు. నీళ్లు తాగకపోతే ఒంటికి రాదు, ఒంటికి రాకపోతే చీమలూ రావు. జబ్బును అంత సులువుగా పంపించేయాలనుకున్నాను. సాయంత్రానికి నాలుక పిడచకట్టుకుపోయింది గానీ చెంబులో పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. ఆ కరువులో ఇంట్లో ఒక పిల్ల నీళ్లు మిగిల్చిందంటే కనిపెట్టకుండా ఉంటుందా మా జేజి?

తెల్లారగానే నన్ను పెరట్లోకి తీసుకుపోయి ఏమైందని అడిగింది. వెక్కుతూ అంతా చెప్పేశాను. పెద్దమ్మ చెప్పింది, నేను చూసింది, నా కాలు సంగతి. జేజి పోయే చోట పెద్దమ్మ ఏం చూసిందో అది కూడా చెప్పేశాను. దాచాలని తోచే వయసు కాదు. జేజి లోపలికి పోయి తన చెంబు తెచ్చింది. ఆ రోజుకు ఆమెకున్న నీళ్లు అవే. అందులోంచి ఇంకా గుక్క కూడా తాగలేదు. పెదాలు పగిలి తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరూ మసలని శుభ్రమైన నేల చూసి చెంబు వంచింది. చుక్క ఒలికితే కొట్టే మనిషి సగం చెంబు నీళ్లు మట్టిలో పోసేసింది.

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మొదట ఏమీ రాలేదు. తర్వాత చీమలు వచ్చాయి. నా మరక మీదికి వచ్చినన్నీ వచ్చాయి, ఇంకా ఎక్కువే వచ్చాయేమో. తడి మట్టికి మూతులు ఆనించి కదలకుండా ఉండిపోయాయి.

"చూసినావా పాపా? ఉత్త నీళ్లు. ఈ కరువులో యాడ తడి కనపడితే ఆడికి వస్తాండాయి. వాటికీ దప్పికే గదా. నీకేం జబ్బు లేదు, పోయి నీళ్లు తాగు" అంది.

గుండె మీంచి బండ దించినట్టయింది. లోపలికి పరిగెత్తి, ముందు రోజు మిగిల్చిన నీళ్లన్నీ గటగటా తాగేసి, మూతి తుడుచుకుంటూ మళ్లీ ఆమె దగ్గరికి వచ్చాను. అప్పుడు నా బుర్రలో ఇంకో మంచి ఆలోచన మెరిసింది. పెద్దమ్మ చూసిన చీమలు కూడా దప్పిక చీమలే అయి ఉంటాయి కదా. మరి నీకూ ఏం లేనట్టే కదా జేజీ అని సంబరంగా అడిగాను.

ఆ మాట ఆమె పట్టుకుని ఉండొచ్చు. తాను చూపించిన చీమలనే నేను ఆమెకు తిరిగి చూపించాను. ఔను పాపా అని ఉంటే ఇద్దరం నవ్వుకుంటూ లోపలికి పోయేవాళ్లం. ఇంకొన్నాళ్లు అట్లాగే గడిచిపోయేది. ఇప్పుడు నేను ఆ వయసుకు వచ్చాను కాబట్టి, అట్లాంటి మాట దొరికితే పట్టుకోకుండా ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు. జేజి ఆ తడి మట్టినే చూస్తూ కూర్చుంది.

"నాకుండాది పాపా. చీమలు చెప్పాల్సిన పన్లే. నా ఒళ్లు నాకు తెలుస్తాంది" అంది. ఆ తర్వాత, "నాకు భయమైతాంది" అంది.

పెద్దవాళ్లకు భయం వేస్తుందని అంతవరకూ నాకు తెలియదు. పాము వస్తే కట్టె తీసుకునే మనిషి, మా నాయననే గదమాయించే మనిషి, నాకు చెబుతోంది ఆ మాట. ఆమె ఏడవలేదు. నా చెయ్యి పట్టుకోలేదు. రవ్వంత సేపు ఈడనే కూర్చోమంది, అంతే. కూర్చున్నాను. నోరు తెరిస్తే తప్పు మాట వస్తుందేమోనని మూసుకున్నాను. ఎండ మా మీదికి వచ్చింది. మట్టి ఆరిపోయింది. చీమలు ఎటు పోయాయో పోయాయి. బడికి పొద్దుపోతోందని అమ్మ కేకేసినా ఇద్దరం లేవలేదు.

ఆ మధ్యాహ్నం సంగటి ముందు కూర్చున్న మా నాయనకు జేజి తానే చెప్పింది. తనకు శెట్టి జబ్బు వచ్చిందని, అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించాలని. నాయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. రెండు రోజులకు తీసుకుపోయాడు. అక్కడ నీలం రంగు మందులో ఆమె మూత్రం చుక్కలు వేసి కాస్తే ఇటుక రంగుకు తిరిగిందట. జబ్బు ఉన్నట్టు గుర్తు అదేనట. తిండి తగ్గించమన్నారు. మా ఇంట్లో తగ్గించడానికి ఏముంది? రోజూ సూది మందు వేయాలన్నారు. మా పల్లెలో సూది పట్టుకోవడం తెలిసినవాళ్లు ఎవరున్నారు?

ఆ తర్వాత ఏదో మంచి జరిగిందని చెప్పాలని నాకూ ఉంటుంది. జరగలేదు. జేజి కాలికి కంపముల్లు గుచ్చుకుంది, ఆ పుండు మానలేదు. పసుపు పెట్టారు, ఆకులు కట్టారు, మళ్లీ ఆసుపత్రికి మోసుకుపోయారు. మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. గుట్ట కింది బావిలో చేత్తో ముంచుకునేటన్ని నీళ్లు వచ్చాయి. ఎవరి చెంబు ఎవరిదో చూసే పని లేకుండా అందరం తాగాం. అప్పటికి జేజి లేదు.

ఇప్పుడు మందులు వచ్చాయి, మాత్ర వేసుకుంటే నూరేళ్లు బతకొచ్చు అని అందరూ అంటారు. మా వీధిలో సగం మంది ఆ మాత్రలు మింగుతున్నవాళ్లే. వాళ్లలో ఒకాయనకు చూపు పోయింది. ఒకామె రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారం వారం అనంతపురం పోతోంది. ఇద్దరూ నాలాగే సంగటి తిని పెరిగినవాళ్లు. అందుకే ఎవరెన్ని చెప్పినా నాకు ఆశ పుట్టడం లేదు. పరీక్ష బాగా వస్తుందని అనుకుందామని చూస్తాను. మనసు మొండికేసిన గాడిదలాగా నిలబడిపోతుంది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. కొడుకు లారీ మీద పోతే ఎప్పుడో గానీ రాడు. కోడలికీ నాకూ పెద్దగా పొసగదు. ఆమె కూరలో ఉప్పు ఎక్కువేస్తుంది, నేను నోరు మూసుకోను. శిబిరంలో ఏమన్నారు అత్తా అని అడిగితే, రాయిలాగా ఉన్నానన్నారు అని చెప్పాను. ఆ రోజు నుంచి ఆమె చూడకుండా నీళ్లు తాగుతున్నాను. కరువు లేని ఇంట్లో, కుళాయి ఉన్న ఇంట్లో, దొంగచాటుగా తాగుతున్నాను.

ఈ పొద్దున కోడలు జొన్నరొట్టెలు కాలుస్తుంటే వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. ఇంకో సంగతేదో మాట్లాడదామని నోరు తెరిచాను. "నాకు భయమైతాందమ్మా" అన్న మాట వచ్చింది. ఇక ఆపుకోలేక నర్సమ్మ చెప్పిందీ, సోమవారం పోవాల్సిందీ చెప్పేశాను. ఏం కాదులే అత్తా అంటుందనుకున్నాను. అంటే నాకు కోపం వచ్చేది కూడా. ఆమె అనలేదు. చేతులకు పిండి అట్లాగే ఉండగా వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

ఆ రోజు పెరట్లో నేను పక్కన కూర్చున్నందుకు మా జేజికి ఏమైనా ఒరిగిందా అని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. మాట కూడా చేతకాని పిల్ల పక్కన ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? ఈ పొద్దు తెలిసింది. నా భయం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ పెనం మీద రొట్టె మాడుతోందని కోడలు లేవబోతే, మాడితే మాడనీ అని ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాను.