అడ్డుపెట్టిన అరచెయ్యి

షాలేమ్‌రాజు పామాయిల్ గెలలు కోసేవాడు. పదహారో ఏట భుజానికెత్తుకున్న పొడుగు గొట్టానికి బిగించిన కొడవలి ముప్పై ఒకటో ఏటికీ దిగలేదు. గొప్ప పనివాడని అనలేం. తప్పులు తక్కువ చేసేవాడు. అశ్వారావుపేట తోటల్లో ఆ మాత్రం పేరు నిలుపుకోవడమూ తేలిక కాదు.

రెండేళ్ల కిందట ఆ పేరు చెడడం మొదలైంది. తల ఎత్తితే ఒక్క గెల మూడుగా కనబడేది. ఒకటి నిజం, తక్కిన రెండూ దాన్ని అంటిపెట్టుకొని కిందికి జారిన పాలిపోయిన నీడలు. ఎవరికీ చెప్పలేదు. పైకి చూడడం మాని నేలను చూడడం నేర్చుకున్నాడు. గెల పండితే చెట్టు మొదట్లో నాలుగైదు పండ్లు రాలతాయి. అవి కనబడితేనే కొడవలి ఎత్తేవాడు. వాటిని ఏరేది భార్య తబితా. ఒక కోత విడతలో ఆమె జ్వరంతో పడుకుంది. ఏరని పండ్లు మొదళ్లలోనే మిగిలిపోయాయి. అవి పాతవో తాజావో అతని చూపు తేల్చలేదు. తరువాతి విడతలో వాటిని నమ్మి పదకొండు పచ్చి గెలలు నరికాడు.

ట్రాక్టరు నడిపే కోటేష్ ఒక గెలను కాలితో దొర్లించాడు. "ఏందన్నా, పాలు తాగే పిల్లలను తెచ్చినవ్. ఫ్యాక్టరీవోళ్లు నా చేతిల ఉగ్గుగిన్నె పెట్టి పంపుతరు."

అందరూ నవ్వారు, తబితా తప్ప. అతని చూపు మీద అనుమానమొచ్చి, ఆ సోమవారమే వెంటబెట్టుకొని ఖమ్మం బస్సెక్కింది.

కంటి దవాఖానాలో డాక్టరమ్మ కంప్యూటరు మీద ఎర్రటి గుట్టలాంటి బొమ్మ చూపింది. నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర పలచబడి ముందుకు మొనదేలిందట. దాని పేరు కెరటోకోనస్ అట.

"కళ్లు నలుపుకుంటావా?"

"తోటల దుమ్ము పడ్తది మేడం."

"ఇక నలపకు. ఆ దుమ్ములో కంట్లో పెట్టుకునే లెన్సు నీకు కుదరదు. పొరలోపల వంపు తిరిగిన చిన్న ముక్క పెడితే ఈ వంకర కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని చెప్పను, కళ్లద్దాలూ తప్పవు. ప్లాస్టిక్ ముక్క ఉంది. కానీ నీ పొర బాగా పలచన. చనిపోయినవాళ్లు దానమిచ్చిన కంటిపొర నుంచి కోసిన ముక్క మేలు. ఆలోచించుకొని రా."

తబితా తేలికగా ఊపిరి పీల్చుకుంది. షాలేమ్‌రాజు కుడి అరచెయ్యి చల్లబడింది.

మూడేళ్ల కిందట తండ్రి ఏసోబు మంచం మీద నుంచి, "నా కండ్లు ఇచ్చెయ్‌రా, మట్టికెందుకు?" అని అడిగితే అతడు "అట్లనే నాయినా" అన్నాడు. తరువాత ఏసోబు చనిపోయాడు. వాళ్ల ఇళ్లలో తండ్రి రెప్పలు మూసేది పెద్దకొడుకు. పాస్టరు ప్రార్థన ముగిసేదాకా ఆ అరచెయ్యి రెప్పల మీదే ఉండాలి. ప్రార్థన ముగిసింది. కళ్ల కోసం వచ్చినవాళ్లు పెట్టెతో గడపలో నిలబడ్డారు. అతడు చెయ్యి తియ్యలేదు. పునరుత్థాన దినాన నాయిన ఉత్త కంటిగుంటలతో లేస్తాడా అన్న ఒక్క తలపు ఆ చేతిని అక్కడే బిగించింది. చాలాసేపు చూసి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రెప్పల చల్లదనం అప్పటినుంచి అరచేతిలోనే ఉంది. చూపు చెడ్డాక గోడ మీది ఫోటోలో నాయినకు ఇంకో రెండు జతల కళ్లు మొలిచాయి. పాలిపోయిన ఆ కింది జతలు తన చేతినే చూస్తున్నట్టుండేవి. అది కంటి జబ్బు చేసిన బొమ్మేనని డాక్టరమ్మ మాటలతో తెలిసింది. లేనిదని తెలిసినంత మాత్రాన కనబడడం మానదు.

ఇంటికొచ్చి, ప్లాస్టిక్ ముక్కే పెట్టించుకుంటానన్నాడు. తల్లి విశ్రాంతమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

"మంచిది వద్దని, గదెందుకు?"

"ఇయ్యనోన్ని. ఎట్ల తీసుకోనమ్మా?"

ఆమె చాట ఆపలేదు. "మీ నాయినవి మట్టిల కలిసినయ్. గీ ఇచ్చినోళ్ల ఇంట్ల ఎవడో కొడుకు చెయ్యి తీసిండు. వాని పని గూడ మట్టిపాలు చేస్తవా?"

పది రోజులకు మళ్లీ ఖమ్మం వెళ్లారు. దానమిచ్చిన పొరముక్కకు ఒప్పుకున్నట్టు రాసిన కాగితం దవాఖానా బల్ల మీద పెట్టి నర్సు పక్కకు వెళ్లింది. అతడు గొంతు తగ్గించాడు.

"తబితా, నేను పోయిన్నాడు నువ్వు చెయ్యి అడ్డం పెట్టకు. మాటియ్యి."

తబితా కాగితాన్ని అతని ముందుకు జరిపింది.

"ఇస్త. నువ్వు గూడ మీ నాయినకు మాటిచ్చినవ్ గద."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. కాగితం మీద సంతకం గీతలు మూడు కనబడుతున్నాయి. కలం ఎత్తి, ఏది నిజమో తేల్చుకోలేక ఆగాడు. తబితా అతని చల్లటి చెయ్యి పట్టుకొని ఒక గీత మీద ఆనించింది. రాసేదాకా ఆ చెయ్యి వదల్లేదు.