ఒక్క చుంచు ఆరైంది

రెండువేల సంవత్సరం ప్రాంతంలో పర్చూరు దగ్గర మా మిరపచేలో చుంచులు ఎన్ని ఉన్నాయో చూడటానికి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. "వందకు తక్కువుండవమ్మా!" అని కోతలు కోసేశాను. ఎండుచేప ఎరకు బోనులో పడినదాని తోక మీద ఆమె ఎర్ర పెయింటు చుక్క పెట్టి వదిలేది. చుక్క లేనిది పడితే కొత్తదని లెక్క.

మర్నాడు చుక్కదే మళ్లీ పడింది. నా పరువు పోతుందని, ఆమె రాకముందే కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను. రోజూ అదే పని. ఒక్క చుంచు ఆరైంది. ఒకరోజు పులిలా కరిచింది. పులి కాదులెండి, సూది గుచ్చినట్టు. నా కేక మాత్రం ఊరంతా వినబడింది.

చివరిరోజు ఆమె, "ఆరని రిపోర్టు రాసేయనా బాబాయిగారూ?" అంది. పాపం, ఆ అమ్మాయి చదువు చెడుతుందని భయమేసింది.

"ఒకటేనమ్మా, చుక్క తుడిచింది నేనే."

"తెలుసులెండి! కిరసనాయిలు కంపు కొట్టే చుంచు ఎక్కడన్నా ఉంటుందా? ఒకటనే రాశాను. మరి మీరన్న వందలో మిగతావేమయ్యాయి?"

"మిరప తింటున్నాయని నువ్వు రాకముందే ఎలుకల మందు పెట్టానమ్మా."

"అయ్యో, అవి మిరప ముట్టవు, పురుగుల్ని తింటాయండీ. ఎన్ని చచ్చాయి?"

జీవితంలో మొదటిసారి, లెక్క పెంచి చెప్పబుద్ధి కాలేదు.