మూడో పుస్తె

పోయినవి మొత్తం ముప్ఫై. పుస్తెలు రెండు, బంగారు గుండ్లు నాలుగు, పగడాలు రెండు, నల్లపూసలు ఇరవై రెండు. అన్నీ ఒకే తాడుకు గుచ్చినవి. 1979 మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, అరిజోనా ఎడారిలో, మా ఆవిడ మెడలోంచి జారిపోయాయి.

నేను దయ్యాలనూ శకునాలనూ నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్ముతానని చెప్పలేను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తెనాలి దగ్గర రైసుమిల్లులో కాటా పక్కన నిలబడి, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కాటా మీద తూగనిది లేనట్టే అనుకునేవాణ్ణి. కాబట్టి జరిగింది జరిగినట్టు, నా నోటు పుస్తకంలో ఉన్న అంకెలతో సహా రాస్తాను.

మా ఆవిడ శారద నర్సు. ఉద్యోగం వచ్చింది ఆమెకు, ఆమె వెనక వచ్చినవాణ్ణి నేను. 1976లో ఒక చిన్న రాగి గనుల ఊళ్లో దిగాం. గనిలో లారీలు తూచే కాటా దగ్గర నాకూ పని దొరికింది. ఆ ఊళ్లో తెలుగువాళ్లం మేమిద్దరమే. మరో తెలుగు ఇల్లు చూడాలంటే నూట ముప్ఫై మైళ్లు వెళ్లాలి.

ఆ ఆదివారం శారదకు కారు నేర్పుతున్నాను. ఊరికి పదకొండు మైళ్ల దూరంలో, వాన కురిస్తే తప్ప నీళ్లు నిలవని చదును నేల అది. ఆమె క్లచ్ వదిలేసినప్పుడల్లా బండి ఆగిపోతోంది. నేను పైకే లెక్కపెడుతున్నాను. తొమ్మిదోసారి ఆగినప్పుడు ఆమె తలుపు తీసుకుని దిగిపోయింది.

"మీరు లెక్కపెట్టడం ఆపితే నేను నేర్చుకుంటాను," అంది.

ఎదురుగా ఒక ముళ్ల చెట్టు ఉంది. అక్కడిదాకా విసవిసా నడిచి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చింది. ఆమె నడుస్తుంటే నేను అదీ లెక్కపెట్టాను. పోనూ రానూ నూట ఎనభై అంగలు. ఇంటికి వచ్చి స్వెట్టర్ విప్పాక గానీ మెడలో తాడు లేదని తెలియలేదు. సీటు బెల్టుకు తగులుకుని తెగి ఉంటుంది. కారులో వెతికితే ఒక గుండూ తొమ్మిది నల్లపూసలూ దొరికాయి.

మాలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది. శారద తల్లి మా పెళ్లికి ఏడాది ముందు పోయింది. ఆమె మెడలోని పుస్తెనే మామగారు పుట్టింటి పుస్తెగా ఇచ్చారు. శారద ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆ ఒక్క పుస్తెను వేళ్ల మధ్య పట్టుకుని ఉండేది. పోయిన రోజు ఏడవలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. పెట్టె అడుగునుంచి ఒక పసుపు కొమ్ము తీసి దారానికి కట్టుకుని, రాత్రి డ్యూటీకి వెళ్లిపోయింది. తెల్ల యూనిఫాం కాలర్ మీద సన్నని పసుపు గీత పడేది. మొదటి ఏడాది అది నాకు రోజూ కనిపించేది.

తపాలాలో ఒక మెటల్ డిటెక్టర్ తెప్పించాను. పొడుగాటి కర్ర, కొసన పళ్లెం లాంటి తీగ చుట్ట, చెవులకు పెట్టుకునే ఫోన్లు. నేలకు రెండంగుళాల పైన అటూ ఇటూ ఊపుతూ నడవాలి. లోహం ఉంటే చెవిలో మోగుతుంది. గాజుకూ పగడానికీ మోగదు. అందుకని పూసల మీద ఆశ వదులుకుని, మిగిలిన అయిదు బంగారు ముక్కల మీదే లెక్క పెట్టుకున్నాను.

అంగకు రెండడుగుల లెక్కన, కారు ఆగిన చోటునుంచి చెట్టు దాకా నూట ఎనభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. మేకులు కొట్టి దారాలు కట్టి మూడు వేల ఆరు వందల గళ్లు చేశాను. ఆదివారానికి అరవై గళ్లు. ఎండాకాలం అక్కడ నిలబడలేం కాబట్టి అక్టోబరు నుంచి వసంతం దాకానే పని. శారద రాత్రంతా పనిచేసి పగలు పడుకునేది. నేను రెండింటికి అక్కడికి చేరి, చీకటి పడేదాకా ఉండేవాణ్ణి.

ఆ ఒంటరితనాన్ని చెప్పడం నాకు చేతకాదు. నాలుగైదు గంటలు మనిషి గొంతు ఉండదు, పిట్ట కూడా అరవదు. చెవిలో యంత్రం సన్నగా హోరుమంటూ ఉంటుంది. ఎక్కడైనా మోగితే అక్కడే మోకాళ్ల మీద కూర్చుంటాను. తవ్వితే బీరు డబ్బా రింగు. బంగారానికీ ఆ రింగుకూ ఒకటే మోత. మొదటి విడతలో అలాంటి రింగులు నాలుగు వందల పన్నెండు తవ్వాను. తుపాకీ గుళ్ల తొడుగులు అరవై ఆరు. తవ్విన ప్రతి గుంటా పూడ్చాలి, లేకపోతే పశువుల కాళ్లు విరుగుతాయి. పూడ్చి, దాని మీద ఒక రాయి పెట్టి, గడి నంబరు పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

1980 జనవరిలో మెట్టినింటి పుస్తె దొరికింది. ఆ తర్వాత ఏడాదిలో మిగిలిన మూడు గుండ్లూ దొరికాయి. శారద పుస్తెను కళ్లకద్దుకుని, పసుపు కొమ్ము పక్కనే కట్టుకుంది. "అమ్మది కూడా అక్కడే ఉంటుందండీ," అంది. అంతే. ప్రతి ఆదివారం నేను తిరిగి వచ్చేసరికి ఆమె డ్యూటీకి వెళ్లిపోయి ఉండేది. సోమవారం పొద్దున వస్తూనే నా మొహం చూసేది, ఏమీ అడిగేది కాదు. మొదటి విడత పూర్తయింది. పుట్టింటి పుస్తె దొరకలేదు. రెండో విడత మొదలుపెట్టాను.

1982 మార్చి. ముప్ఫై ఒకటో వరుస, పద్నాలుగో గడి. మొదటి విడతలో ఆ గడికి ఎదురుగా 'ఏమీ లేదు' అని నా చేతిరాతే ఉంది. ఈసారి గట్టిగా మోగింది. టైము చూసి రాసుకున్నాను, సాయంత్రం అయిదు నలభై. నేల రాయిలా బిగుసుకుపోయి ఉంది, ఎవరూ తవ్విన గుర్తు లేదు. ఆరంగుళాల లోతులో పుస్తె కనబడింది.

చేతిలోకి తీసుకున్నాను. దాని మీద పసుపు ఉంది. తడి పసుపు.

నడుమ చిన్న కుంకుమ బొట్టు కూడా ఉంది. అప్పటికి రెండు నెలలుగా అక్కడ వాన లేదు. నా నీళ్ల సీసా కారులో ఉంది. చూపుడు వేలికి అంటిన పసుపు నా ప్యాంటుకు తుడిస్తే పోలేదు. మర్నాడు కాటా దగ్గర నాతో పనిచేసే రేమండ్ ఆ వేలు చూసి, హాట్‌డాగ్‌లోకి వేలు కూడా వేసి తిన్నావా అని నవ్వాడు. వాళ్లు హాట్‌డాగ్ మీద వేసుకునే ఆవపిండి సాస్ రంగూ అదే. మూడు రోజులు పోలేదు ఆ రంగు.

ఆ సోమవారమే గని ల్యాబ్‌లో ఉన్న చిన్న త్రాసులో పుస్తెను తూచాను. పెళ్లిలో కంసాలి తూచినప్పుడు పుట్టింటి పుస్తె రెండు గ్రాముల మూడు వందల మిల్లీగ్రాములు. నా కళ్లెదుటే తూచాడు. ఇది రెండు గ్రాముల ఏడు వందలు. అరిగితే తగ్గాలి గానీ పెరగడానికి వీల్లేదు. అంచు పని కూడా వేరు. ఇది మాది కాదు.

మరి ఎవరిది? ఆ చుట్టుపక్కల పుస్తె కట్టుకున్న మనిషి శారద ఒక్కతే.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. ఆ సాయంత్రం శారద నిద్ర లేవగానే, మీ అమ్మది దొరికింది అని చెప్పి చేతిలో పెట్టాను. పసుపు సంగతి చెప్పలేదు. పూర్తిగా కడిగేశాను. మూడేళ్లు ఆ మౌనం చూసినవాణ్ణి, ఇంకో ఆదివారం ఖాళీ మొహంతో రాలేకపోయాను. ఆమె దాన్ని చాలాసేపు అరచేతిలో ఉంచుకుని చూసి, కట్టుకుంది. ఆ వారం ఆమె వంట చేస్తూ కూనిరాగం తీసింది. నేను చేసింది మంచిదే అనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత, బుధవారం, డ్యూటీకి తయారవుతూ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఇది అమ్మది కాదండీ," అంది.

నేను ఆమె మెడలోని పుస్తె వైపు చూశాను.

"మొదటి రోజే తెలుసు. అమ్మదానికి వెనక చిన్న సొట్ట ఉండేది. మూడేళ్లు తవ్వారు కదా, పోనీలే అని ఊరుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

ఆమె తాడు పైకి తీసి చూపించింది. "రోజూ నిద్ర లేచేసరికి దీనికి పసుపు ఉంటోంది. మీరు పెడుతున్నారా?"

నేను పెట్టడం లేదు. ఆమె పెట్టడం లేదు. మా ఇంట్లో పసుపు డబ్బా ఖాళీ అయి నెల దాటింది, తపాలాలో ఇంకా రాలేదు. కుంకుమ ఇంట్లో లేదు. ఆమె మెడలోని కొమ్ము మూడేళ్లకు ఎండి కర్రలా అయింది. తెల్ల కాగితం మీద రుద్ది చూశాను, గీత కూడా పడలేదు. దాని పక్కనే ఉన్న మెట్టినింటి పుస్తెకు పసుపు చుక్క లేదు.

గురువారం పనికి సెలవు పెట్టాను. సాయంత్రం అయిదుంబావుకి, నిద్రపోతున్న శారద మెడలో పుస్తెను చూశాను. పొడిగా ఉంది. గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కిటికీ మూసి ఉంది. ఎవరూ రాలేదు, ఆమె చెయ్యి కదలలేదు. అయిదూ నలభై అయిదుకు మళ్లీ చూశాను. పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. వేలితో తాకితే తడి.

అప్పుడు టైము లెక్క కట్టాను. మన దేశం అరిజోనాకు పన్నెండున్నర గంటలు ముందు. ఇక్కడ సాయంత్రం అయిదూ నలభై అయిదు అంటే అక్కడ పొద్దున ఆరుంబావు. ఆడవాళ్లు స్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టే వేళ. నేను తవ్వి తీసిన వేళా అదే.

ఈ లెక్క శారదకు చెప్పాను. ఆమె భయపడలేదు.

"ఆవిడెవరో దీన్ని ఇంకా వేసుకునే ఉందండీ," అంది. "ఆవిడ మెడలోది నేను కట్టుకుని తిరుగుతున్నాను. తెచ్చిన చోటే పెట్టి రండి."

"మీ అమ్మది దొరక్కపోతే?"

"దొరక్కపోతే పోనీండి. ఇంకొకరిది మాత్రం నాకొద్దు."

ఆ ఆదివారం శారద కూడా నాతో వచ్చింది. మూడేళ్ల తర్వాత అక్కడ కాలు పెట్టడం అదే. అదే గడిలో ఆరంగుళాలు తవ్వి పుస్తెను పెట్టాను. పూడ్చాక డిటెక్టర్ ఊపితే మోగింది. ఫోన్లు ఆమె చెవులకు పెట్టి వినిపించాను. పైన రాయి పెట్టి, రాయి చుట్టూ మేకుతో గీత గీశాను.

వారం తర్వాత ఒక్కణ్ణే వెళ్లాను. రాయి కదల్లేదు. గీత చెరగలేదు. డిటెక్టర్ మోగలేదు. బ్యాటరీ మార్చాను, మోగలేదు. రెండడుగుల లోతు తవ్వి, మట్టినంతా జల్లెడ పట్టాను. అక్కడ ఏమీ లేదు.

ఎవరో చూసి తీసుకుపోయారనడానికి ఆ గీత ఒప్పుకోదు. మొదట దొరికిందే అబద్ధమనడానికి ల్యాబ్ త్రాసు ఒప్పుకోదు. నా మనసే చెదిరిందనుకుంటే, మరి శారద రోజూ చూసిన పసుపో? దాని గురించి నేను ఆమెకు ముందు ఒక్క మాటైనా చెప్పలేదు. ఏడేళ్లుగా అన్ని వైపుల నుంచీ కూడి చూశాను, తీసివేసి చూశాను. ఎలా చూసినా సరిపోలేదు.

1986లో శారదకు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాను. మూడో విడతలో నూట నాలుగు రింగులూ ఒక గుర్రపు నాడా దొరికాయి. ఆఖరి ఆదివారం మేకులు పీకి, దారాలు చుట్టి, నేల చదును చేసి వచ్చాను. అక్కడి ఎడిసన్ ఊళ్లో ఇప్పుడు మా ఇంటి దగ్గరే బంగారం కొట్లున్నాయి. రెండో పుస్తె కొత్తది చేయిద్దామని ఒకసారి అడిగాను. శారద తల అడ్డంగా ఊపింది. ఆమె తాడుకు ఒక వైపు పుస్తె ఉంది, రెండో వైపు ముడి ఉంది.

పోయిన బంగారు ముక్కలు ఆరు. దొరికినవి అయిదు. మాది కానిది ఒకటి దొరికింది, తిరిగి ఇచ్చేశాం, అది లెక్కలోకి రాదు. ఆ ఎడారి నుంచి మాకు ఇంకా రావలసింది ఒకటి.