ఐన్ ఖాలిద్ వీధిలో ట్రౌట్ వేట

వాన వెలిసిన మర్నాడు ఐన్ ఖాలిద్‌లో మా అక్కావాళ్ళ వీధి మోకాలి లోతు నీళ్ళతో ఏరులా ఉంది. గట్టు మీద ఒక కతారీ పెద్దాయన గాలం పట్టుకుని నిలబడ్డాడు. ముల్లు తీసేసిన ఆ గాలం దారం చివర పట్టుకుని ఆయన డ్రైవర్ నీళ్ళలో అటూ ఇటూ పరుగెడుతున్నాడు. రాయచోటి మనిషి.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"నేను చేపను సార్. మా సేటు వచ్చే నెల చలి దేశం పోయి ట్రౌట్ చేపలు పడతాడంట. ఇది ప్రాక్టీసు."

"పట్టి పులుసు పెడతారా?"

"లే సార్. చేతుల్లోకి తీసుకుని, మళ్ళా ఏట్లోకే ఇడిచిపెడతారంట."

గోదావరి జిల్లావాణ్ణి, నా ప్రాణం ఉసూరుమంది.

అతను మాత్రం దారం నడుముకు చుట్టుకుంటూ నవ్వాడు. "నన్ను లీవుకు ఇడిచిపెట్టి మూడేండ్లాయ సార్. ఈ పొద్దు బాగా దొరికిపోయి, ఆయన చేతుల్లో ఉన్నప్పుడే అడుగుతా."