ఇంజను ఆగిన ఉదయం

మొన్న అటక దులిపించినప్పుడు, సొట్టలు పడ్డ సత్తు గిన్నెల వెనుక నుంచి ఒక చిన్న ఇత్తడి రోలు బయటపడింది. గుప్పిట్లో ఇమిడేంతటిది, దానికి జానెడు పొడవు ఇనుప రోకలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే చిలుము వాసన అడుగున కాచు, వక్క, ఎండిన తమలపాకు కలిసిన వాసన ఇంకా సన్నగా తగులుతూనే ఉంది. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మని అలవాటు కొద్దీ దాన్ని తూకం వేశాను: రోకలితో కలిపి ఏడువందల ఇరవై గ్రాములు. మనుషుల జ్ఞాపకం జారిపోయే సరుకు గనుక, ఆ బరువు పక్కన ఒక తేదీని కూడా నిలబెడుతున్నాను: 1971 జనవరి 26, మంగళవారం. ఆనాడు నేను మిర్యాలగూడలో ఆరు మైళ్ళ పరుగు పందెంలో పరుగెత్తాను.

మా ఇల్లు కోదాడ రోడ్డు మొదట్లో, ఒక పాత రైసు మిల్లు వెనుక వీధిలో ఉండేది. సాగర్ కాలువ నీళ్ళు వచ్చి మూడు నాలుగేళ్ళయిన ఆ కాలంలో, వానాకాలం పంట కోతలకు వచ్చింది మొదలు సంక్రాంతి దాటేదాకా ఆ రోడ్డు మీద వడ్ల బండ్లు, లారీలు తెగకుండా నడిచేవి. ఉడికిన వడ్ల ఆవిరి, ఊక పొగ, మంచుకు తడిసిన వరిగడ్డి వాసన మూడూ కలిసి తెల్లవారేసరికి వీధి నిండా పరుచుకునేవి. సన్నని తవుడు గాలికి ఎగిరి కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి పండుగకు చేసి డబ్బాలో దాచిన సకినాల మీద కూడా పసుపు అద్దినట్టు వాలేది.

మిగతా మిల్లులు ఒక్కొక్కటే కరెంటు మోటార్లకు మారుతున్నా, మా వెనుక మిల్లు యజమాని తన ఒంటి సిలిండరు ఆయిలింజనును వదులుకోలేదు. తెల్లవారుజామున డ్రైవరు మంటతో దాని నెత్తిని ఎర్రగా కాల్చి, మరో ఇద్దరితో కలిసి మనిషెత్తు చక్రాన్ని తిప్పితే, అది ఒకసారి దగ్గి, రెండుసార్లు మూలిగి, ఆపైన కప్పు మీది గొట్టంలోంచి గుండ్రని పొగ చుట్టలు వదులుతూ 'తుప్... తుప్...' మని మొదలయ్యేది. చలికాలం ఆ చప్పుడు పొలాల మీదుగా కాలువ వంతెన దాకా, అంటే దాదాపు మూడు మైళ్ళు వినిపించేది. వీధి వీధంతా తెలియకుండానే దాని తాళానికి లొంగిపోయింది. వాకిలి ఊడ్చే చీపుర్లు, పిండి విసిరే తిరగళ్ళు, అరుగు మీద పళ్ళు లేని మా నాయనమ్మ ఆకువక్క దంచుకునే ఈ రోలు, అన్నీ ఆ దెబ్బకే నడిచేవి. నిండు రోలు గనుక దానిది మెత్తటి చప్పుడు; ఇంజను దెబ్బకూ దెబ్బకూ మధ్య అది సరిగ్గా కుదురుకునేది.

పందేనికి రెండేళ్ళ ముందు నాకు టైఫాయిడ్ వచ్చి, ప్రాణం మీదికి తెచ్చి పోయింది. రాత్రింబవళ్ళు నన్ను కనిపెట్టుకుని ఉన్నది నాయనమ్మే. అప్పటి నుంచి నా ఛాతీ బలహీనమైనదని ఆమె నిశ్చయం. పదో తరగతి తరువాత సూర్యాపేటలో ఉండి ఇంటర్మీడియట్ చదవాలని నా కోరిక. నాన్న సరేనన్నా, ఇంట్లో ఆఖరి మాట ఆమెది.

"గాడ జరమొస్తే ఎవడు సూస్తడు రా నిన్ను?" అంది. నేను వదలకపోయేసరికి, బడిలో ప్రకటించిన పందెం సంగతి ఎత్తి తానే షరతు పెట్టింది: "ఆరు మైళ్ళు ఏడా ఆగకుంట ఉరుకు, పంపుత. నడుమ ఒక్కపారి నిలవడ్డవా, ముచ్చట ఖతం."

గెలవాలని కాదు, ఆగకూడదని. ఆ సంగతి నాకంటే బాగా అర్థం చేసుకున్నవాడు కోదాడ నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు నరసింహం బావ. మొదటి రోజు నేను అర మైలు లోపే రొప్పుతూ కూలబడితే, నవ్వుతూ నెత్తిన మొట్టాడు. "ఏరా బామ్మర్దీ, కుక్క తరిమినట్టు ఆ పరుగేంది? ఇంజను రొప్పటం ఎప్పుడన్నా చూశావా? అది ఎట్టా కొడితే అట్టా ఎయ్యి అడుగు."

నాన్న గడియారం పెట్టి లెక్కించాను: నిమిషానికి ఎనభై ఆరు దెబ్బలు. ప్రతి దెబ్బకూ కుడికాలు నేల తాకాలి. నెల తిరిగేసరికి, బావ పక్కన ఉన్నా లేకున్నా, మంచులో కనిపించని ఆ ఇంజనే నా చెయ్యి పట్టుకుని వంతెన దాకా తీసుకుపోయి తిరిగి ఇంటికి చేర్చేది.

పందెం నాటి ఉదయం నాయనమ్మ జరీ అంచు చీర కట్టి, రోలు ఒళ్ళో పెట్టుకుని, కిరాయికి తెచ్చిన రిక్షా ఎక్కింది. నేను ఆగుతానో లేదో తన కళ్ళతోనే చూడాలి. తొక్కేది బావ.

"మంగళారం పూట పందెమేందిరా? మీ సార్లకు ఇంకో దినం దొరకలేదా?"

"జెండా పండగని మారుస్తారా అమ్మమ్మా?"

"నువ్వు సక్కగ తొక్కు. నా నడుము ఇరిగేటట్టున్నది."

"దిగి నువ్వూ పరిగెత్తు. బరువన్నా తగ్గిద్ది."

డ్రిల్లు మాస్టరు ఈల వేయగానే పందొమ్మిది మందిమి వట్టికాళ్ళతో కంకర రోడ్డు ఎక్కాం. మిల్లు దాటుతుండగా ఏదో వెలితి తోచింది. గొట్టం మీద పొగ లేదు. చప్పుడు లేదు. మిల్లు ముందు హమాలీలు తలంటి పోసుకుని, జేబులకు కాగితం జెండాలు గుచ్చుకుని మాకు చేతులూపుతున్నారు.

"బావా, ఇంజనేది?" అని వెనుకే రిక్షా తొక్కుకుంటూ వస్తున్న బావను అడిగాను.

"ఇవాళ సెలవు గదరా!"

ప్రతి జనవరి ఇరవై ఆరున మిల్లు మూసే ఉంటుంది. ఆ పూట ఏటా బడిలో జెండా కింద నిలబడే నాకు ఆ సంగతి తట్టనే లేదు. దెబ్బలు లెక్కించాను, మైళ్ళు లెక్కించాను, తేదీని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

తాళం లేని కాళ్ళు పక్కవాళ్ళ కాళ్ళతో పోయాయి. వంతెన దగ్గర మలుపు తిరిగేటప్పటికే ముందున్న నలుగురిలో ఉన్నాను; తిరిగిన అర మైలుకే ఛాతీలో నిప్పు రగిలింది. ఒకరి వెనుక ఒకరు నన్ను దాటిపోయారు. రోడ్డు పక్కన పందెం కోసమని నీళ్ళ కుండ పెట్టిన పందిరి తప్ప నా కంటికి మరేదీ కనిపించలేదు. అక్కడ ఆగిపోదామని మనసులో అనేసుకున్నాను కూడా.

అప్పుడు వెనుక నుంచి వినిపించింది. ఖణ్... ఖణ్... ఖణ్...

తల తిప్పలేదు. తిప్పే ఓపిక లేదు. ఇంజను కంటే సన్నగా, గుడిగంట కంటే పొడిగా, కానీ అదే ఎడంతో, అదే నిబ్బరంతో ఆ చప్పుడు నా వీపు వెనుకే వస్తోంది. కుడికాలు దానంతటదే వెతుక్కుంటూ వెళ్ళి ఆ దెబ్బ మీద వాలింది. రెండో దెబ్బ మీద మళ్ళీ వాలింది. పందిరి వెనుకబడింది. ఊపిరి మెల్లగా తన చోటికి తాను వచ్చింది. రెండున్నర మైళ్ళు, దాదాపు అరగంట, బడి మైదానంలో సున్నపు గీత దాటేదాకా, ఆ చప్పుడు ఒక్కసారీ తప్పలేదు, తొందరపడలేదు.

పదమూడోవాడిగా చేరాను. నేల మీద వెల్లకిలా పడి ఉంటే నాయనమ్మ రిక్షా దిగి వచ్చి, డ్రిల్లు మాస్టరుకు సాక్ష్యం చెప్పింది: "ఏడా నిలవడలే. నేను సూసిన." తరువాత నా వైపు తిరిగి, "జూన్ల పోతవా, గిప్పుడే మూట గడ్తవా?" అంది.

లేచి ఆమె చేతిలోని రోలు అందుకున్నాను. అంతసేపు దంచిన ఆకువక్క ఎంత మెత్తగా నలిగిందో చూద్దామని లోపలికి తొంగి చూశాను. తోమిపెట్టినట్టు మెరుస్తోంది. ఒక్క వక్క పలుకు కూడా లేదు. ఆమె దంచింది ఖాళీ ఇత్తడిని. అందుకే అది అలా మోగింది.

"నాయనమ్మా, దీంట్ల ఏం లేదు."

"ఆకులు ఇంట్లనే మర్శిన," అని ముఖం తిప్పుకుంది.

మరునాడు ఆమె కుడి మణికట్టుకు పసుపూ సున్నం కలిపిన పట్టు కనిపించింది. ఆ ఏడు జూన్‌లో నన్ను సూర్యాపేట బస్సు ఎక్కించడానికి వచ్చినవాళ్ళలో ఏడవనిది ఆమె ఒక్కతే.

ఇప్పుడా మిల్లు చోట ఇనుప సామాను గోదాము ఉంది. ఊరి చుట్టూ మిల్లులు ఎన్నో రెట్లు పెరిగినా, వాటి మోటార్లది తెంపు లేని ఒకే హోరు. దానికి ఎవరూ అడుగు కలపలేరు. పొగ చుట్టలు పోయాయి, అరుగులు పోయాయి, దంచుకుని నమిలేవాళ్ళూ పోయారు. బావ పోయి ఆరేళ్ళు.

ఆనాడు నాయనమ్మ వయసు డెబ్బై. ఇప్పుడు నాదీ అంతే. రోలు తూచిన తరువాత గడియారం ముందు పెట్టుకుని, నిమిషానికి ఎనభై ఆరు చొప్పున ఖాళీగా దంచి చూశాను. నాలుగో నిమిషంలో చెయ్యి ఆగిపోయింది.