నాలుగో బోల్టు

మా బాబాయి పోయాడు. పోయిన వారం, గుంటూరు పెద్దాసుపత్రిలో, తెల్లవారాక పిన్ని టీ తేవడానికి కిందికి దిగిన కాసేపట్లోనే. సొంత బాబాయి కాదు. గోడకి ఇవతల మేము, అవతల వాళ్లు. మేము మిరప వేసుకునే హిందువులం, వాళ్లు ముస్లింలు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన బాబాయి, ఆవిడ పిన్ని. పేరు చెబితే ఎవరా అని ఆలోచించేవాళ్లు కానీ, ‘కారు బాబాయి’ అంటే ఊళ్లో ఎవరైనా ఇల్లు చూపించేవారు.

నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇద్దరివీ అద్దె కార్లే, రెండూ అంబాసిడర్లే. మిరప సీజన్లో రైతుల్ని గుంటూరు యార్డుకి, మిగతా రోజుల్లో పెళ్లిళ్లకి, ఆసుపత్రులకి, పెదకాకాని గుడికి తిప్పేవాళ్లం. పోయినవాళ్ల గురించి అంతా మంచే చెప్పాలంటారు. నా వల్ల కాదు. ఆయనది మహా చాదస్తం. బండి తీసే ముందు కిందికి దూరి నట్లన్నీ చేత్తో తడిమి చూడాల్సిందే. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నా సరే, ఈయన కాళ్లు బండి కింద నుంచి బయటికి కనపడుతూ ఉండేవి.

“ఏం బాబాయ్, ఎవరన్నా విప్పుకుపోయారా?” అని ఏడిపించేవాణ్ణి.

“నీకెందుకురా, నోరు మూసుకుని కూర్చో” అనేవాడు. ఆ అలవాటు ఆయనకి ఎప్పుడు మొదలైందో నేను పట్టించుకోలేదు.

తర్వాత కళ్లకి పొర కమ్మింది. ఆపరేషన్ చేయించినా చూపు సరిగ్గా రాలేదు. కారు గోడ పక్కన నిలిచిపోయింది. పాతసామాన్లవాళ్లు వచ్చి అడిగితే కసిరి పంపేవాడు. పొద్దున్నే బకెట్టు పెట్టుకుని బండి కడిగేవాడు. ఎక్కడికీ పోని బండికి ఈ స్నానాలేంటని పిన్ని విసుక్కునేది.

అలాంటి రోజుల్లో నా బండి షాఫ్ట్ విరిగింది. షాఫ్ట్ అంటే ఇంజను బలాన్ని వెనక చక్రాలకి చేర్చే పొడవాటి ఇనుప గొట్టం. అది లేకపోతే ఇంజను ఎంత అరిచినా బండి కదలదు. ముందు మిరప సీజన్. అది తప్పిపోతే మా ఇల్లు గడవదు. కొత్త షాఫ్ట్ కొనే స్థితి నాకు లేదు. బండి అమ్మేసి ఏ లారీ మీదన్నా డ్రైవరుగా పోతానని పిన్నితో అంటుంటే అరుగు మీద నుంచి బాబాయి విన్నాడు.

“నాది విప్పరా” అన్నాడు.

“నీ బండా?”

“ఇంకెవరిది? నా చేత నీళ్లు మోయించడం తప్ప అదేం చేస్తోంది?”

ఇద్దరం బండి కింద పడుకున్నాం. ఆయనకి చూపు ఆనకపోయినా, చెయ్యి సరిగ్గా నట్టు మీదికే పోయేది. “విప్పే ముందు కాస్త బిగించు. పట్టు సడలుద్ది” అన్నాడు. వెనక వైపు నాలుగు బోల్టుల్లో మూడు అలాగే వచ్చాయి. ఊడిన ప్రతి నట్టునీ మళ్లీ దాని బోల్టుకే ఎక్కించి పక్కన పెట్టేవాడు. జత తప్పితే ఆయనకి తోచదు.

నాలుగోది కదల్లేదు. దాని చుట్టూ గ్రీజూ నల్లమట్టీ రాయిలా గట్టిపడి ఉన్నాయి. కిరసనాయిలు గుడ్డ చుట్టాం. రోజూ తడుపుతూ వచ్చాం. సుత్తితో తట్టాం. స్పానర్‌కి పైపు తొడిగి లాగితే స్పానర్ జారి నా వేళ్ల తోలు లేచిపోయింది. నాకు ఒళ్లు మండింది.

“గ్యాస్ కటింగ్ అతన్ని పిలుస్తా. కోసి పారేద్దాం.”

“పిలిస్తే నీ కాళ్లు విరగ్గొడతా. ఆ వేడికి షాఫ్ట్ అంచు వంకరపోద్ది. అప్పుడేం బిగించుకుంటావ్?”

ఆయన వేళ్లతో ఆ బోల్టు చివర తడిమాడు. బండి కింద అలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చెయ్యి తియ్యకుండానే, “అది తుప్పు కాదురా” అన్నాడు.

పత్తి పోయిన ఏడాది పురుగుల మందు తాగిన ఒక రైతుని ఆయన గుంటూరు తీసుకెళ్తున్నాడట. తొందరలో కింద చూసుకోకుండా బండి తీశాడు. వాగు వంతెన దిగాక షాఫ్ట్ దడదడలాడింది. ఒక నట్టు ఊడి ఎక్కడో పడిపోయింది, మిగతావి వదులైపోయాయి. ఆ రైతు భార్యా ఈయనా రోడ్డు మీద, పత్తిచేను గట్టు మీద వెతికారు. ఇంకో బండి దొరికేసరికి ఆ మనిషి లేడు.

“ఆ అమ్మ నన్ను ఒక్క మాటా అనలా” అన్నాడు బాబాయి. “అన్నా బాగుండేది.”

ఇంటికి వచ్చి ఆ చోట కొత్త నట్టు బిగించి, బోల్టు చివరని సుత్తితో కొట్టి పరిచేశాడట, ఇంక ఈ జన్మకి ఊడకూడదని. కిరసనాయిలు పోసిన ఇన్ని రోజులూ ఆయనకి ఆ సంగతి తెలుసు. నోటితో చెప్పలేకపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆకురాయి అడిగి తీసుకుని, పరుచుకున్న ఆ చివరని తనే అరగదీశాడు. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. ఇనుపరజను ఆయన గడ్డం మీద రాలుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా నట్టు కదిలింది. ఆ పాత బోల్టు పారేసి, కొత్తది వేసి, ఆ షాఫ్ట్‌ని నా బండికి బిగించాం. నేను సుత్తి అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“కొట్టమాకు. రేపు ఎవరికన్నా విప్పే పని పడుద్ది. రోజూ చేత్తో చూసుకో, చాలు.”

ఆ సీజన్ గడిచింది. ఆ తర్వాతా నా ఇల్లు ఆ షాఫ్ట్ మీదే నడిచింది. మిగిలిన కారుని ఆయన పాతసామాన్లవాళ్లకి ఇచ్చేశాడు. అది వెళ్లిన మర్నాడు కూడా బకెట్టు నింపుకుని బయటికి వచ్చి, కాసేపు నిలబడి, ఆ నీళ్లు పిన్ని మల్లెచెట్టుకి పోశాడు.

మొన్న ఆయాసం ముదిరినప్పుడు నా బండిలోనే ఎక్కించాం. ఊపిరి అందక రొప్పుతూ కూడా తలుపు పట్టుకుని ఆగాడు. “కింద చూశావా?” అన్నాడు. పొద్దున చూశానన్నా వినలేదు. నేను నేలమీద పడుకుని మళ్లీ చూసి, గట్టిగానే ఉందని చెప్పాక సీటుకి ఆనుకున్నాడు. సమయానికే ఆసుపత్రికి చేర్చాను. అయినా దక్కలేదు.

తిరిగి తీసుకొచ్చిందీ నా బండిలోనే. వెనక సీట్లో పిన్ని ఒళ్లో ఆయన తల. దారంతా షాఫ్ట్ చిన్న చప్పుడైనా చెయ్యలేదు. వాగు వంతెన వచ్చింది. దాటాక బండి పక్కకి తీసి ఆపాను.

“ఏమైందిరా?” అంది పిన్ని.

“ఏం లేదు పిన్నీ. ఒకసారి చూసుకుంటా.”

కిందికి దూరి చెయ్యి పెట్టాను. నాలుగో నట్టు గట్టిగానే ఉంది, వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకుని, పిన్ని మళ్లీ పిలిచేదాకా అలాగే పడుకున్నాను.